మలేరియా టీకా వేసిన బిడ్డలో యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయి?

తట్టు టీకా రెండు డోసులు పడితే ఆ జబ్బు భయం దాదాపు జన్మంతా ఉండదు. ధనుర్వాతం టీకాను పదేళ్లకోసారి గుర్తు చేసుకుంటే సరిపోతుంది. మలేరియా టీకా దగ్గరికి వచ్చేసరికి లెక్క ఏళ్ల నుంచి నెలల్లోకి దిగిపోతుంది. మూడు డోసులు వేయించుకున్న పసిబిడ్డ రక్తంలో మలేరియాను అడ్డుకునే యాంటీబాడీలు మొదటి వారాల్లో పుష్కలంగా ఉంటాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో పదో వంతు కూడా మిగలవు.

ఈ మాట వినగానే "అలాంటి టీకా ఎందుకు మరి?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వేసే ముందు ఒక లెక్క చూడాలి. 2023లో ప్రపంచవ్యాప్తంగా 26 కోట్ల 30 లక్షల మలేరియా కేసులు వచ్చాయని, 5,97,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మరణాల్లో నూటికి 95 ఆఫ్రికా ప్రాంతంలోనే జరిగాయి. అక్కడ చనిపోయినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఐదేళ్లు నిండని పిల్లలు. పుట్టిన ఆరో నెల నుంచి మూడో ఏడు దాటేదాకా గడ్డుకాలం. ఆ కాలంలో ఒక్క వానాకాలం క్షేమంగా గడిచినా ఆ తల్లికి అది చిన్న విషయం కాదు.

అందుకే నా దృష్టిలో "యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయి?" అన్నది టీకాను తీసిపారేయడానికి వేసే ప్రశ్న కాదు. ఏ వయసులో వేయాలి, ఏ నెలలో వేయాలి, మళ్లీ ఎప్పుడు వేయాలి అన్నవన్నీ దాని జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ జవాబు ఇప్పుడు చాలావరకు మన చేతిలో ఉంది.

ముందు పరాన్నజీవి సంగతి. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు కొన్ని పదుల స్పోరోజోయిట్లు మన చర్మంలోకి దిగుతాయి. దారం ముక్కల్లా సన్నగా ఉండే ఈ పరాన్నజీవులు చర్మంలో పాకుతూ ఒక సన్నని రక్తనాళాన్ని వెతుక్కుంటాయి. అది దొరికిందంటే నిమిషాల్లో కాలేయంలో ఉంటాయి. అక్కడ ఒక కణంలో దూరిన ఒక్క స్పోరోజోయిట్ వారం తిరక్కుండానే వేల సంఖ్యలో పిల్లల్ని పెడుతుంది. అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాల మీద పడ్డప్పుడే చలీ జ్వరమూ మొదలవుతాయి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడ మీద చూసింది ఈ స్పోరోజోయిట్లు తయారయ్యే బుడిపెలనే. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. ఆ బుడిపెల్లో తయారయ్యే స్పోరోజోయిట్లనే గురిచూసి కొట్టే టీకా రావడానికి మరో 124 ఏళ్లు పట్టింది.

ఈ ప్రయాణంలో ఒక విషయం బాగా గమనించాలి. చర్మం నుంచి కాలేయానికి చేరేదాకా టీకాకు దొరికే వ్యవధి నిమిషాల్లో ఉంటుంది, మహా అయితే గంటల్లో. తట్టు వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి పది రోజులకు పైనే పడుతుంది. ఈలోగా పాత టీకాను గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాలు మేలుకుని, సంఖ్య పెంచుకుని, కొత్త యాంటీబాడీలు తయారుచేసే తీరిక ఉంటుంది. మలేరియాలో ఆ తీరిక లేదు. జ్ఞాపక కణాలు లేచి పని మొదలుపెట్టేసరికి స్పోరోజోయిట్ కాలేయ కణంలో తలుపేసుకుని కూర్చుంటుంది. కాబట్టి దోమ కుట్టిన క్షణానికి రక్తంలో ఎంత యాంటీబాడీ సిద్ధంగా తిరుగుతూ ఉందన్నదే రక్షణను నిర్ణయిస్తుంది. పైగా అన్నిటినీ ఆపాలి. ఒక్కటి తప్పించుకున్నా జ్వరం రావడానికి అది చాలు. అందుకే మలేరియా టీకాకు ఏదో కాస్త యాంటీబాడీ ఉంటే సరిపోదు, అది ఎక్కువ మోతాదులో, ఎడతెగకుండా ఉండాలి.

ఇప్పుడు వాడుకలో రెండు టీకాలున్నాయి. మొదటిది ఆర్‌టీఎస్,ఎస్. గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ, అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ కలిసి 1980లలోనే దీని పని మొదలుపెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీన్ని సిఫారసు చేసింది. రెండోది ఆర్21. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించింది, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. దీనికి 2023 అక్టోబరులో సిఫారసు వచ్చింది. రెండూ ఫాల్సిపేరం అనే రకం మలేరియాకే పనికొస్తాయి, మన దగ్గర కూడా బాగా కనిపించే వైవాక్స్ రకాన్ని ఆపలేవు. రెండిటి లక్ష్యమూ ఒకటే: స్పోరోజోయిట్ ఒళ్లంతా కప్పుకుని ఉండే సీఎస్‌పీ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ నడిమి భాగంలో నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని నాన్‌ప్ అని పిలుస్తారు. టీకాలో ఆ వరుసను హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రొటీన్‌కు అతికించి, సూక్ష్మమైన గోళీలుగా తయారుచేస్తారు. తోడుగా రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే సహాయక పదార్థం ఒకటి కలుపుతారు. అసలు స్పోరోజోయిట్ దశలోనే మలేరియాను ఆపవచ్చన్న నమ్మకానికి పునాది వేసింది రూత్ నుస్సెన్‌జ్వైగ్. రేడియేషన్‌తో బలహీనపరిచిన స్పోరోజోయిట్లను ఎలుకలకు ఎక్కిస్తే వాటికి మలేరియా సోకకుండా రక్షణ వస్తోందని ఆమె బృందం 1967లో చూపించింది.

యాంటీబాడీలను కొలిచేది ఎలా? బిడ్డ చేతి నరం నుంచి తీసిన కాస్త రక్తంలో పైకి తేలిన సీరం చాలు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. గుంటల అడుగున ముందుగా నాన్‌ప్ వరుసల పూత వేసి ఉంచుతారు. సీరాన్ని పలచన చేసి అందులో పోస్తే, దానిలోని మలేరియా యాంటీబాడీలు ఆ పూతకు అతుక్కుపోతాయి. మిగతాదంతా కడిగేస్తారు. తర్వాత మనిషి యాంటీబాడీని పట్టుకునే మరో యాంటీబాడీని, రంగు పుట్టించే ఎంజైముతో కలిపి వేస్తారు. చివరికి రంగు ద్రావణం పోయగానే ఒక్కో గుంట ఒక్కో గాఢతలో రంగు తేలుతుంది. ఎంత చిక్కటి రంగైతే అంత యాంటీబాడీ. తెలిసిన ప్రామాణిక సీరంతో పోల్చి ఆ రంగును యూనిట్లుగా మారుస్తారు. ఆర్‌టీఎస్,ఎస్ పెద్ద ట్రయల్‌లో ఆఫ్రికా పిల్లల నమూనాలను బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో ఇలాగే పరీక్షించారు. వేరే ల్యాబ్‌లో వేరే ప్రమాణంతో కొలిస్తే వచ్చే అంకె వేరు. అందుకే రెండు టీకాల అంకెలను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చేయడం సరికాదు, వార్తల్లో అలా చేసినప్పుడు నాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఆ పెద్ద ట్రయల్ 2009 నుంచి 2014 దాకా ఏడు దేశాల్లో, 11 కేంద్రాల్లో, 15,459 మంది పిల్లల మీద జరిగింది. దాని యాంటీబాడీ లెక్కలను లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైఖేల్ వైట్ బృందం విశ్లేషించి 2015లో ప్రచురించింది. అయిదు నుంచి పదిహేడు నెలల వయసులో మూడు డోసులు పడ్డ పిల్లల్లో, ఒక మిల్లీలీటరుకు సగటున 621 యూనిట్ల యాంటీబాడీలు కనిపించాయి. అక్కడి నుంచి దిగుడు మొదలైంది. ఆ దిగుడు ఒకే వేగంతో లేదు. యాంటీబాడీల్లో ఒక భాగం 45 రోజులకోసారి సగమవుతూ పోయింది. రెండో భాగం సగం కావడానికి 591 రోజులు పట్టింది. వానలకు నిండిన చెరువును చూసినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: మొదట అలుగు మీంచి నీళ్లు గబగబా పోతాయి, అలుగు మట్టానికి వచ్చాక మిగిలింది ఎండకీ ఇంకుడుకీ నెమ్మదిగా తగ్గుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, త్వరగా పోయే భాగమే పెద్దది. మొదటి మూడు డోసుల తర్వాత పుట్టిన యాంటీబాడీల్లో పదింట దాదాపు తొమ్మిది వంతులు ఆ 45 రోజుల రకమే. ఈ అంకెలతో ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. మొదట 620 యూనిట్లు అనుకుందాం. అందులో 558 త్వరగా పోయేవి, 62 నిలిచేవి. నెలన్నర తిరిగేసరికి మొత్తం 338కి వస్తుంది. మూడు నెలలకు 195. ఆరు నెలలకు 85. ఏడాదికి త్వరగా పోయేవి దాదాపు తుడిచిపెట్టుకుపోయి, నిలిచే రకంలో 40 యూనిట్లు మిగులుతాయి. తర్వాత ఏడాదిన్నరకు పైగా గడిస్తే గానీ ఆ 40 కాస్తా 20 కాదు. అంటే యాంటీబాడీలు "పోతాయి" అన్న మాట సగమే నిజం. పిల్లల రక్తంలో అవి ఏళ్ల తరబడి కొలవగలిగినంత ఉంటాయి. ఉన్నవి దోమ కాటుకు సరిపోతాయా అన్నదే ప్రశ్న. ఆ బృందమే దానికీ ఒక అంచనా ఇచ్చింది: 121 యూనిట్లుంటే నూరు ఇన్ఫెక్షన్లలో 50 ఆగుతాయి. పైన వేసిన లెక్కలో ఆ గీత మూడో నెలకీ ఆరో నెలకీ మధ్యలో దాటిపోతుంది.

ఇది సగటు పిల్లవాడి లెక్క అని మరిచిపోకూడదు. ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఒకే సీసాలోంచి టీకా వేయించుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి పదింతలు ఎక్కువ యాంటీబాడీలు పుట్టడం మామూలే. 121 అనేది గోడ లాంటి హద్దు కూడా కాదు. 120 ఉన్న బిడ్డకు రక్షణ లేదనీ 122 ఉన్న బిడ్డ క్షేమమనీ ఏ డాక్టరూ చెప్పలేడు. పైగా దోమలు ఎక్కువున్న ఊళ్లో అదే యాంటీబాడీ తక్కువ రోజులు కాస్తుంది, ఎందుకంటే అక్కడ రాత్రికి రాత్రి పడే కాట్లే ఎక్కువ.

ఇంత త్వరగా ఎందుకు తగ్గుతాయి? యాంటీబాడీ అనే ప్రొటీన్ రక్తంలో ఎన్నాళ్లో నిలవదు, మూడు వారాల్లో సగం కరిగిపోతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తవి తయారవుతూ ఉండాలి. తయారుచేసేవి ప్లాస్మా కణాలు. టీకా పడగానే లింఫు గ్రంథుల్లో బి కణాలనే తెల్లరక్తకణాలు మేలుకుని, పెద్ద సంఖ్యలో ప్లాస్మా కణాలుగా మారతాయి. వీటిలో ఎక్కువ శాతం కొన్ని రోజులు, వారాలు ఎడాపెడా యాంటీబాడీలు పోసి చచ్చిపోతాయి. కొన్ని మాత్రం ఎముకల మూలుగ దాకా ప్రయాణించి, అక్కడ తమకు పోషణ ఇచ్చే కణాల పక్కన చోటు సంపాదించుకుంటాయి. చోటు దొరికినవి ఏళ్ల తరబడి బతికి, నెమ్మదిగా యాంటీబాడీలు ఇస్తూనే ఉంటాయి. 45 రోజుల భాగానికీ 591 రోజుల భాగానికీ మూలం ఈ తేడాలోనే ఉంది. తట్టు, గవదబిళ్లల యాంటీబాడీలు మనిషి జీవితకాలంలో దాదాపు తగ్గనే తగ్గవని, ధనుర్వాతం యాంటీబాడీలు సగం కావడానికి 11 ఏళ్లు పడుతుందని 2007లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ఆ టీకాలు మూలుగలో గట్టి కాపురం పెట్టించగలుగుతున్నాయి. మలేరియా టీకా అంతగా పెట్టించలేకపోతోంది.

ఇందులో సహజ మలేరియా చేసే సాయం కూడా తక్కువే. ఊళ్లో దోమలు కుడుతూనే ఉంటాయి కదా, ప్రతి కాటూ బూస్టర్‌లా పనిచేయొచ్చు కదా అని అనిపిస్తుంది. కానీ దోమ వదిలే స్పోరోజోయిట్లు పదుల్లోనే ఉంటాయి, అవీ నిమిషాల్లో కనుమరుగవుతాయి. అంత స్వల్ప మోతాదు చూసి చిన్నపిల్లల ఒంట్లో సీఎస్‌పీ యాంటీబాడీలు పెద్దగా లేవవు. టీకా తెచ్చిన స్థాయితో పోలిస్తే సహజంగా వచ్చేది ఏ మూలకీ చాలదు.

వయసు సంగతి మరీ ముఖ్యం. అదే ట్రయల్‌లో ఆరు నుంచి పన్నెండు వారాల పసికందులకు, మామూలు టీకాలతో పాటే ఇది కూడా వేసి చూశారు. అలా చేయగలిగితే ఎంతో సుళువు, తల్లి ఎలాగూ ఆస్పత్రికి వస్తుంది. ఫలితం నిరాశపరిచింది. వాళ్లలో శిఖరస్థాయి 277 యూనిట్లే, అయిదు నెలలు దాటిన పెద్దపిల్లల్లో కనిపించినదాంట్లో సగం కూడా లేదు. కారణాల్లో పసికందు రోగనిరోధక వ్యవస్థ ఇంకా లేతగా ఉండటం ఒకటి. తల్లి నుంచి సంక్రమించిన యాంటీబాడీలు అడ్డుపడటం మరొకటి. తక్కువ ఎత్తు నుంచి మొదలైన దిగుడు తొందరగానే నేలకు చేరుతుంది కాబట్టి రక్షణా అంతే తొందరగా తగ్గింది. ఇప్పుడు టీకాను అయిదో నెల నుంచి మొదలుపెట్టమనడానికి కారణం ఇదే. వయసు మరీ పెరిగినా యాంటీబాడీలు కొంచెం తగ్గుతాయి. ఆర్21 మూడో దశ ట్రయల్‌లో అయిదు నుంచి పదిహేడు నెలల పిల్లల్లో పుట్టినన్ని యాంటీబాడీలు పద్దెనిమిది నుంచి ముప్పై ఆరు నెలల పిల్లల్లో పుట్టలేదు. ప్రకృతి మనకు ఇచ్చిన కిటికీ చిన్నదే, కానీ అది మలేరియా చంపే వయసుతో సరిగ్గా కలిసింది. అదొక అదృష్టం.

నాలుగో డోసు ఎందుకంటే, ఇందుకే. ట్రయల్‌లో మూడో డోసు తర్వాత పద్దెనిమిది నెలలకు నాలుగోది వేశారు. అప్పుడు యాంటీబాడీలు సగటున 318 యూనిట్లకు లేచాయి. మొదటి ఎత్తు 621 అని గుర్తుంచుకుంటే ఇది సగమే. కానీ ఈసారి నిలిచే భాగం వాటా పెరిగింది, కాబట్టి దిగుడు కాస్త నెమ్మదించింది. పెద్దపిల్లల్లో నాలుగేళ్ల లెక్క తీస్తే మూడు డోసులతో మలేరియా జ్వరాలు 28.3 శాతం తగ్గాయి. నాలుగో డోసు కూడా పడినవాళ్లలో 36.3 శాతం తగ్గాయి. ఈ అంకెలు చూసి పెదవి విరిచినవాళ్లున్నారు. ఒక్కో బిడ్డకు ఏడాదికి రెండు మూడుసార్లు మలేరియా వచ్చే ఊళ్లో మూడో వంతు జ్వరాలు తగ్గడమంటే ఎన్ని రాత్రుల జాగారం, ఎన్ని ఆస్పత్రి పరుగులు తగ్గాయో పెదవి విరిచే ముందు ఆలోచించాలి.

అయితే దిగుడు తర్వాత ఏమవుతుందన్న భయం నిజమైనదే. కెన్యా తీరంలోని కిలిఫీ ప్రాంతంలో, ఆ పెద్ద ట్రయల్ కంటే ముందు జరిగిన చిన్న ట్రయల్‌లో మూడు డోసులే వేయించుకున్న పిల్లలను ఏడేళ్ల పాటు వదలకుండా గమనించారు. మొత్తం 447 మంది. మొదటి ఏడాది టీకా సామర్థ్యం 35.9 శాతం, అంటే టీకా లేనివాళ్లతో పోలిస్తే జ్వరాలు అంత మేర తగ్గాయి. నాలుగో ఏడాదికి 2.5 శాతం. ఏడో ఏడాది 3.6 శాతం. అయిదో ఏడాదిలో, దోమల బెడద ఎక్కువున్న ఇళ్ల పిల్లల్లో, టీకా వేయించుకున్నవాళ్లకే జ్వరాలు ఎక్కువ వచ్చాయి. 2016లో వచ్చిన ఈ ఫలితం చాలామందిని కలవరపెట్టింది. కారణం ఊహకు అందనిదేమీ కాదు. టీకా లేని పిల్లలు జ్వరాలు పడీ పడీ, రక్తంలోని దశకు కొంత సహజ నిరోధకత సంపాదించుకుంటారు. టీకా ఉన్న పిల్లలకు ఆ దెబ్బలు తక్కువ తగిలాయి కాబట్టి ఆ నిరోధకతా ఆలస్యంగా వస్తుంది. ఈలోగా టీకా యాంటీబాడీలు కరిగిపోతే మధ్యలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, పెద్ద ట్రయల్‌లోని మూడు కేంద్రాల పిల్లలను ఏడేళ్లు గమనించి 2019లో ఇచ్చిన నివేదికలో ప్రాణాంతకమైన తీవ్ర మలేరియా అలా ఎదురుతిరిగిన జాడ కనపడలేదు. ఆ వయసుకు పిల్లలు కొంత గట్టిపడి ఉంటారు. జ్వరం ఆలస్యంగా రావడం వేరు, రెండేళ్ల వయసులో మూర్ఛలతో, రక్తహీనతతో ఆస్పత్రిలో చేరడం వేరు.

యాంటీబాడీలు కొన్ని నెలలే గట్టిగా ఉంటాయని తెలిశాక దాన్ని తలరాత అనుకోకుండా, ఆ నెలలను వానాకాలం మీద సరిగ్గా పరిస్తే ఎలా ఉంటుందని అడిగినవాళ్లను నేను ఎంతో గౌరవిస్తాను. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల్లో మలేరియా ఏడాదంతా ఒకేలా ఉండదు. వానలు మొదలైనప్పటి నుంచి అవి ఆగిన నెల దాకా, ఆ నాలుగైదు నెలల్లోనే ఏడాది మలేరియాలో సింహభాగం వచ్చిపడుతుంది. బుర్కినా ఫాసోలోని హుండే, మాలీలోని బుగూనీ జిల్లాల్లో 2017లో 5,920 మంది పిల్లలతో ఒక ట్రయల్ మొదలుపెట్టారు. తొలి ఏడాది వానలకు ముందే మూడు డోసులూ పూర్తిచేశారు. ఆ తర్వాత ఏటా వానలకు ముందు ఒక్క డోసు. అక్కడ అప్పటికే ఇంకో పద్ధతి వాడుకలో ఉంది: వానాకాలంలో నెలకోసారి పిల్లలందరికీ మలేరియా మందు బిళ్లలు మింగించడం. కొందరికి బిళ్లలే, కొందరికి టీకానే, కొందరికి రెండూ ఇచ్చి మూడేళ్లు చూశారు.

టీకా ఒక్కటే బిళ్లలకు సరితూగింది. రెండూ కలిసినప్పుడు వచ్చిన ఫలితం మలేరియా రంగంలో అరుదుగా చూస్తాం. బిళ్లలు మాత్రమే తీసుకున్నవాళ్లతో పోలిస్తే మలేరియా జ్వరాలు 62.8 శాతం, ఆస్పత్రిలో చేరేంత తీవ్ర మలేరియా 70.5 శాతం, మలేరియా మరణాలు 72.9 శాతం తగ్గాయి. అదే ఆర్‌టీఎస్,ఎస్. నాలుగేళ్ల లెక్కలో 36 శాతం అని చిన్నచూపు చూసిన టీకానే. యాంటీబాడీల ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. అవి శిఖరం మీద ఉన్న నెలలూ దోమలు ముసిరే నెలలూ ఒకటయ్యాయి, అంతే. తర్వాత ఈ పిల్లలకు ఐదేళ్లు నిండేదాకా ఏటా డోసులు కొనసాగించారు, మేలూ కొనసాగింది. వానల ప్రాంతాల్లో ఐదో డోసు కూడా ఇవ్వవచ్చన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట వెనక ఈ పనే ఉంది.

ఆర్21 కూడా ఈ దారిలోనే నడిచింది. బుర్కినా ఫాసోలోని నానోరోలో 450 మంది పిల్లల మీద జరిగిన రెండో దశ ట్రయల్‌లో వానలకు ముందు మూడు డోసులు వేసి, ఏడాది తర్వాత మళ్లీ వానలకు ముందు నాలుగోది వేశారు. మొదటి ఏడాది సామర్థ్యం 77 శాతం వచ్చింది. ఏడాదిలో తగ్గిన యాంటీబాడీలు నాలుగో డోసుతో దాదాపు మొదటి ఎత్తుకే చేరాయి. ఆర్‌టీఎస్,ఎస్‌లో సగం ఎత్తుకే చేరడం చూశాం కాబట్టి ఇది ఆసక్తికరమైన తేడా. ఆర్21 గోళీ మీద ప్రతి ముక్కకూ సీఎస్‌పీ అతికి ఉంటుంది, హెపటైటిస్ బి భాగం అంతగా బయటికి కనపడదు. సహాయక పదార్థమూ వేరు. 4,800 మందికి పైగా పిల్లలతో నాలుగు దేశాల్లో జరిగిన మూడో దశలో ఏడాది సామర్థ్యం, వానలకు ముందు వేసిన చోట్ల 75 శాతం, ఏడాది పొడుగునా మలేరియా ఉండే చోట్ల 68 శాతం. రెండు చోట్లా రెండు మూడేళ్ల తర్వాతి లెక్కలనే నేను ఎక్కువ నమ్ముతాను. మొదటి ఏడాది అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

యాంటీబాడీల పరిమాణమే రక్షణ అనడానికి ఇంకో గట్టి సాక్ష్యం మాలీ నుంచి వచ్చింది. అక్కడ ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు టీకా బదులు, ల్యాబ్‌లో తయారుచేసిన ఎల్9ఎల్ఎస్ అనే యాంటీబాడీనే చర్మం కింద ఒక్కసారి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఒంట్లో త్వరగా కరిగిపోకుండా దాని తోకలో చిన్న మార్పు చేశారు. 2024లో ఫలితాలు వచ్చాయి: ఆరు నెలల వానాకాలంలో, ఎక్కువ మోతాదు అందినవాళ్లలో మలేరియా జ్వరాలు 77 శాతం తగ్గాయి. ఆ పిల్లల ఒంట్లో జ్ఞాపక కణాలేమీ పుట్టలేదు. రక్తంలో యాంటీబాడీ ఉంది, అదే కాసింది.

మరి మూలుగలో చోటు సంపాదించుకునే కణాలను పెంచలేమా? డోసుల మధ్య ఎడం పెంచడం ఒక మార్గం. రక్తంలోని దశను అడ్డుకునే ఆర్‌హెచ్5 అనే మరో టీకాను నానోరోలోనే పరీక్షించారు. మూడో డోసును నెలకే వేసినప్పుడు సామర్థ్యం 40 శాతం, రెండో డోసు తర్వాత నాలుగు నెలలు ఆగి వేసినప్పుడు 55 శాతం. మధ్యలో దొరికిన విరామంలో బి కణాలు మరింత పదునెక్కుతాయని, అందుకే నాణ్యమైన యాంటీబాడీలు వస్తాయని అనుకుంటున్నారు. చివరికి స్పోరోజోయిట్ దశ టీకానూ రక్తదశ టీకానూ కలిపి ఇవ్వడమే మేలైన దారి అని నాకనిపిస్తుంది. మొదటి వల నుంచి జారిన ఆ ఒక్కదాన్ని రెండోది పట్టుకుంటుంది.

ఇవన్నీ ట్రయల్ లెక్కలు. ట్రయల్‌లో సిబ్బంది ఇంటికి వెళ్లి మరీ గుర్తుచేస్తారు. మామూలు ఊళ్లో ఏం జరిగింది? ఘనా, కెన్యా, మలావీల్లో 2019 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారానే టీకా వేశారు. టీకా వయసు పిల్లల్లో, ప్రమాదాలు మినహా అన్ని కారణాల మరణాలూ కలిపి 13 శాతం తగ్గాయి. డోసులు అందరికీ అందకపోయినా వచ్చిన ఫలితమిది. మొదటి మూడు డోసులకు వచ్చినంత మంది నాలుగో దానికి రాలేదు. తప్పు తల్లులది కాదు. రెండేళ్ల వయసు దగ్గర పిల్లలకు మరో టీకా పెద్దగా ఉండదు, ఆరోగ్య కేంద్రానికి వెళ్లే పనీ ఉండదు. గంటలకొద్దీ నడిచి, ఒక రోజు కూలి వదులుకుని, ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డను తీసుకురావాలి. యాంటీబాడీలు బాగా తగ్గేది సరిగ్గా అప్పుడే.

ఆఫ్రికా దేశాల్లో ఉద్యోగాల మీద, వ్యాపారాల మీద ఉంటున్న తెలుగు కుటుంబాలు మన పిల్లలకూ వేయించాలా అని అడుగుతుంటారు. ఈ టీకా మలేరియా ఉన్న ప్రాంతాల్లో పుట్టి పెరిగే పిల్లల కోసం ఉద్దేశించింది. కొన్నాళ్లు వెళ్లి వచ్చేవాళ్లకు దీన్ని సిఫారసు చేయడం లేదు. వాళ్లకు వెళ్లే ముందు డాక్టరు రాసే నివారణ మాత్రలు, దోమతెర, జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష, ఇవే రక్ష. టీకా వేయించుకున్న అక్కడి పిల్లలు కూడా దోమతెరలోనే పడుకోవాలి.

డోసు ధర ఎంత అన్నది కూడా యాంటీబాడీల ఆయుష్షుతో ముడిపడిన విషయమే. ఒక్కసారి వేసి మరిచిపోయే టీకా అయితే ధర కాస్త ఎక్కువైనా సర్దుకోవచ్చు. బిడ్డకు నాలుగు, ఐదు డోసులు కావాలంటే ప్రతి రూపాయీ నాలుగింతలు, ఐదింతలవుతుంది. మొదట్లో ఆర్‌టీఎస్,ఎస్ ఒక్కో డోసు 9.30 యూరోలు, అంటే నాలుగు డోసులకు 37 యూరోలు దాటేది. ఆర్21 డోసు 2 నుంచి 4 డాలర్లకే వచ్చింది. ఆర్‌టీఎస్,ఎస్ తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం 2021 జనవరిలో కుదిరింది. 2028 కల్లా డోసు ధరను 5 డాలర్ల లోపుకు తెస్తామని ఆ కంపెనీ, గ్లాక్సోస్మిత్‌క్లైన్ కలిసి 2025 జూన్‌లో ప్రకటించాయి. అది జరిగితే నాలుగు డోసులూ కలిపి 20 డాలర్లకు లోపే వస్తాయి, వానల ప్రాంతాల్లో ఐదో డోసుకూ వెనకాడనక్కర్లేదు.